టీవీ సీరియల్ తీసిన చోట్లకు గైడ్‌తో టూర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సీరియల్ తీసిన ఊళ్లను, రోడ్లను, కోటలను గైడ్ వెంట తిరిగి చూడటం ఇప్పుడొక పెద్ద పర్యాటక వ్యాపారం. లండన్‌లోనో డబ్లిన్‌లోనో చదువుకునే పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు కూడా ఈ బస్సులు ఎక్కుతున్నారు. వెళ్లబోయేవాళ్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఎక్కువ భాగం, సింహాసనం కోసం రాజవంశాలు కొట్టుకునే కల్పిత కథ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ తీసిన ఉత్తర ఐర్లండ్ గురించే ఉంటుంది. ఈ టూర్లలోని మంచీ చెడూ అక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించవు.

ఇంతకీ టూర్‌లో చూపించేది ఏమిటి?

ఖాళీ చోట్లు. ఇది ముందే తెలిసి బయలుదేరితే నిరాశ ఉండదు. ఒక రోడ్డు, ఒక చిన్న రేవు, ఒక గుహ, అడవిలో ఒక కాలిబాట. తెర మీద చూసిన మహా కోట అక్కడ ఉండదు. అందులో కొంత కంప్యూటర్‌లో కట్టినది, కొంత సెట్టింగు వేసి పని కాగానే విప్పేసినది.

అన్నిటికన్నా పేరున్న డార్క్ హెడ్జెస్‌నే తీసుకోండి. ఆంట్రిమ్ కౌంటీలో ఒక పల్లె రోడ్డుకు రెండు పక్కలా పెరిగిన బీచ్ చెట్ల వరుస అది. బీచ్ అంటే ఇక్కడ చెట్టు పేరు, సముద్రపు ఒడ్డు కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక జమీందారీ కుటుంబం తమ బంగళాకు వచ్చేవారి కళ్లు చెదరాలని నాటించింది. కొమ్మలు పైన ఒకదాన్నొకటి పెనవేసుకుని పందిరిలా అల్లుకున్నాయి. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ‘కింగ్స్ రోడ్’ పేరుతో కనిపించేది కొద్ది క్షణాలు మాత్రమే. ఆ కొద్ది క్షణాల కోసం ఖండాలు దాటి వస్తారు.

అందుకే టూర్ టికెట్ డబ్బులు నిజానికి చోటుకు కాదు, గైడ్ నోటికి. మంచి గైడ్ సంచిలోంచి ఆ సన్నివేశం ఫొటో తీసి, మిమ్మల్ని సరిగ్గా కెమెరా పెట్టిన రాయి పక్కన నిలబెట్టి, అటు చూడండి అంటాడు. అంతే, ఖాళీ రేవులో ఓడలు కనిపిస్తాయి. హరిదాసు చేతిలో చిడతలు తప్ప ఏముంటాయి? అయినా అశోకవనం కళ్లకు కట్టడం లేదా?

ఇది ఈ మధ్య పుట్టిన పిచ్చా?

పిచ్చి అనుకుంటే చాలా పాతది. భద్రాచలం వెళ్లినవాళ్లు పర్ణశాలకూ వెళ్తారు. వాగు ఒడ్డున రాతి మీద చారలు చూపించి సీతమ్మ నారచీరలు ఆరవేసిన చోటని చెబుతారు. లేపాక్షిలో జటాయువు పడిన చోటు చూపిస్తారు. కథ జరిగిన చోట కాలు పెట్టాలన్న కోరిక మనకు ఎవరూ నేర్పలేదు. భక్తికీ వినోదానికీ ఉన్న తేడాను తక్కువ చేయడం లేదు, కాళ్లను కదిలించే ఉత్సాహం మాత్రం ఒకటే.

టీవీ విషయానికొస్తే, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ‘కొరొనేషన్ స్ట్రీట్’ సీరియల్ సెట్టు చూపించే గ్రెనడా స్టూడియోస్ టూర్ 1988లోనే మొదలైంది. న్యూయార్క్‌లో సీరియల్ చోట్లు చూపించే బస్సులు 1999 నుంచి తిరుగుతున్నాయి. 2002లో కొరియాలో ప్రసారమైన ‘వింటర్ సొనాటా’ను మరుసటి ఏడాది జపాన్‌లో చూపించారు. అంతే, నడివయసు జపాన్ మహిళలు విమానాలెక్కి నామి ద్వీపంలో నాయికా నాయకులు నడిచిన చెట్ల బాట వెతుక్కుంటూ వచ్చారు. కుర్రకారు చేసే పని ఇది అనుకునేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

సినిమాలకన్నా సీరియళ్లకు ఈ గుణం ఎక్కువ. సినిమా రెండున్నర గంటల్లో ముగుస్తుంది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 2011 నుంచి 2019 దాకా ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు నడిచింది. అన్నేళ్లు ఇంట్లో కూర్చుని చూసిన ఊరు సొంత ఊరులా అనిపించడంలో వింత లేదు.

ఉత్తర ఐర్లండ్‌నే ఎందుకు ఎంచుకున్నారు?

బెల్‌ఫాస్ట్‌లో పెద్ద ఖాళీ షెడ్లు ఉండటం ఒక కారణం. టైటానిక్‌ను కట్టిన ఓడల కార్ఖానా ఆవరణలో, ఓడల భాగాలకు రంగులు వేయడానికి కట్టిన ‘పెయింట్ హాల్’ అనే భారీ భవనం ఉంది. ఓడల పని తగ్గాక దాన్ని స్టూడియోగా మార్చారు. లోపలి సన్నివేశాలు చాలావరకు అక్కడే తీశారు. రెండో కారణం దూరాలు. ఉత్తర ఐర్లండ్ మొత్తం కలిపినా ఉమ్మడి అనంతపురం జిల్లాకన్నా చిన్నది. అందులోనే సముద్రం, కొండ, అడవి, గుహ, పాత కోట అన్నీ ఉన్నాయి. పొద్దున స్టూడియోలో, మధ్యాహ్నం సముద్రపు ఒడ్డున పని చేయవచ్చు.

మూడోది ఊరి పరిస్థితి. బ్రిటన్‌తో ఉండాలనేవారికీ ఐర్లండ్‌లో కలవాలనేవారికీ మధ్య మూడు దశాబ్దాలు సాగిన హింస తర్వాత 1998లో శాంతి ఒప్పందం కుదిరింది. అంతకుముందు బెల్‌ఫాస్ట్ పేరు చెబితే బయటివారికి బాంబులే గుర్తొచ్చేవి. ఒప్పందం తర్వాత కూడా చాలాకాలం అక్కడి ప్రసిద్ధ టూర్ అంటే నల్ల టాక్సీల్లో తిప్పి, గోడల మీద ఘర్షణకాలపు బొమ్మలు చూపించడమే. ఆ టాక్సీలు ఇప్పటికీ ఉన్నాయి. వీలైతే అదీ ఎక్కండి. కల్పిత యుద్ధాలు చూసిన మర్నాడు అసలు యుద్ధం జరిగిన వీధులు చూస్తే మనసు మరోలా ఉంటుంది.

ఒక్క రోజులో ఏమేమి చూడవచ్చు?

రెండు దారులున్నాయి. ఉత్తరంగా వెళ్లే బస్సు సముద్రం పక్కనే సాగుతుంది. కార్న్‌లాక్ రేవులో స్టార్క్ వంశపు అమ్మాయి ఆర్యా నీళ్లలోంచి పైకి వచ్చిన రాతిమెట్లు, మంత్రగత్తె మెలిసాండ్రే నీడకు జన్మనిచ్చిన కుషెండన్ గుహలు, కథలోని ఐరన్ ఐలాండ్స్ దీవులుగా చూపించిన బాలింటోయ్ రేవు, చివరికి డార్క్ హెడ్జెస్. మధ్యలో జెయింట్స్ కాజ్‌వే దగ్గర కూడా ఆపుతారు. దానికీ సీరియల్‌కూ సంబంధం లేదు. లావా చల్లారి ఏర్పడిన సుమారు 40,000 రాతి స్తంభాల ఆ తీరాన్ని యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నా లెక్కలో రోజంతటికీ అదే గొప్ప చోటు.

దక్షిణంగా వెళ్లే బస్సు క్యాజిల్ వార్డ్, ఇంచ్ ఆబీ, టాలీమోర్ అడవి చూపిస్తుంది. క్యాజిల్ వార్డ్ పాత కొట్టాల ఆవరణలోనే మొదటి సీజన్‌లో స్టార్క్‌ల కోట వింటర్‌ఫెల్ తీశారు. అక్కడ మీ భుజాన ఉన్ని దుప్పటి కప్పి, చేతికి విల్లంబులిచ్చి బాణాలు వేయిస్తారు. పక్కనున్న అసలు బంగళా కథ నాకు ఇంకా ఇష్టం. 1760లలో కట్టేటప్పుడు భర్తకు ఒక శైలి నచ్చింది, భార్యకు మరొకటి. ఇద్దరూ తగ్గలేదు. ముందు వైపు ఆయన కోరిన క్లాసికల్ స్తంభాలు, వెనక వైపు ఆవిడ కోరిన గోథిక్ కిటికీలు. ఆ తర్వాత ఆవిడ ఆయన్ని వదిలి వెళ్లిపోయింది. ఇది గైడ్ చెప్పకపోతే మీరే అడగండి.

గైడ్ మంచివాడో కాదో ముందే ఎలా తెలుస్తుంది?

ఆ సీరియల్‌లో పని చేశారా అని అడగండి. ఉత్తర ఐర్లండ్ గైడ్లలో చాలామంది అప్పట్లో గుంపు సన్నివేశాల్లో నిలబడినవాళ్లే. ఆరో సీజన్‌లోని ‘బ్యాటిల్ ఆఫ్ ద బాస్టర్డ్స్’ యుద్ధాన్ని సెయింట్‌ఫీల్డ్ దగ్గర పొలాల్లో సుమారు 500 మందితో 25 రోజులు తీశారు. అలాంటి రోజుల్లో బురదలో శవంలా పడుకున్న మనిషి చెప్పే కబుర్లు మరెవరూ చెప్పలేరు: జూనియర్ ఆర్టిస్టుల భోజనాల వరుస, తడిసిన బొచ్చు కోటు బరువు, తెల్లవారుజామున మూడింటికి వచ్చే మేకప్ పిలుపు.

బస్సులో ఎంతమంది, ఎక్కడెక్కడ దిగి నడవాలి అన్నవి కూడా అడగండి. ఒకసారి మరో దేశంలో నేను ఎక్కిన బస్సులో టీవీ తెర మీద సన్నివేశం వేస్తూ, కిటికీలోంచి ఆ భవనం చూపిస్తూ సాగిపోయారు. మూడు గంటల్లో రెండుసార్లే దిగాం, రెండోసారి బొమ్మల దుకాణం ముందు. అప్పటినుంచి నడక లేని టూర్ జోలికి పోలేదు.

మా అమ్మానాన్నలు ఆ సీరియల్ చూడలేదు. తీసుకెళ్లవచ్చా?

ఉత్తరపు సముద్ర దారికి నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. కథ తెలియకపోయినా కళ్లకు పండగే. కాకపోతే బాలింటోయ్, కుషెండన్ దగ్గర రాళ్ల మీద నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవారికి గట్టి చెప్పులు, చేతికర్ర ఉండాలి. మధ్యాహ్న భోజనానికి ఆపే చోట శాకాహారం అంటే చాలాసార్లు సూప్, బ్రెడ్డు, ఆలుగడ్డ చిప్సే. పులిహోర డబ్బా వెంట ఉంటే ఇంట్లో గొడవలుండవు. ఇంకో మాట: గైడ్ కొన్ని సన్నివేశాలు వర్ణించేటప్పుడు తల్లిదండ్రుల పక్కన కూర్చోవడం ఇబ్బందిగా ఉండవచ్చు. ఆ సీరియల్‌లో నగ్నత్వం, హింస ఎక్కువ.

స్టూడియో టూర్ మంచిదా, లొకేషన్ టూర్ మంచిదా?

ఉత్తర ఐర్లండ్‌లోనే ఉన్న బాన్‌బ్రిడ్జ్‌లోని లినెన్ మిల్ స్టూడియోస్‌లో 2022 ఫిబ్రవరిలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ స్టూడియో టూర్ తెరిచారు. అసలు దుస్తులు, కత్తులు, సెట్టింగులు అక్కడ ఉన్నాయి. కుట్టుపని, లోహపు పని మీద ఆసక్తి ఉంటే అదే సరైనది, వాన రోజున కూడా అదే. నాకు మాత్రం గాజు పెట్టెలో పెట్టిన కిరీటంకన్నా గాలికి ఊగే చెట్టు ఎక్కువ. ఇది అభిరుచి తేడా, వాదించే విషయం కాదు.

ఈ టూర్ల వల్ల అక్కడ ఉండేవాళ్లకు ఇబ్బంది లేదా?

ఉంది, చాలా ఉంది. డార్క్ హెడ్జెస్ దగ్గర బస్సులూ కార్లూ వేర్ల మీదుగా తిరిగి నేల గట్టిపడింది. చివరికి 2017లో ఆ రోడ్డు మీద వాహనాలు నిషేధించారు. ఆ చెట్లకు ఇప్పటికే రెండు శతాబ్దాలు దాటాయి, ఆ జాతికి అదే ముదిమి. 2016 జనవరిలో గెర్ట్రూడ్ తుఫానుకు కొన్ని కూలాయి, 2023 నవంబర్‌లో ప్రమాదకరంగా ఉన్నవాటిని అధికారులే కొట్టించారు. మొదట్లో 150 దాకా ఉన్న వరుసలో ఇప్పుడు ఖాళీలు కనిపిస్తాయి. గెర్ట్రూడ్ తుఫానుకు పడిన చెట్ల కలపతో పది తలుపులు చెక్కించి, ఆరో సీజన్ ఎపిసోడ్‌కు ఒకటి చొప్పున, ఊరూరా పబ్బుల్లో బిగించారు. వాటిని వెతుక్కుంటూ తిరగడం మరో టూర్ అయింది. కూలిన చెట్టును కూడా అమ్ముకోగలిగారని నవ్వుకోవచ్చు, కట్టెల పొయ్యి పాలు కాలేదని సంతోషించనూ వచ్చు.

అది రోడ్డు. ఇల్లయితే ఇంకా కష్టం. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం అల్బుకర్కీలో ‘బ్రేకింగ్ బ్యాడ్’ నాయకుడి ఇల్లుగా చూపించినది ఒక మామూలు కుటుంబం ఉండే ఇల్లు. సీరియల్‌లో అతను కోపంతో విసిరిన పిజ్జా ఇంటి కప్పు మీద పడుతుంది. అది చూసినవాళ్లు వచ్చి ఆ కప్పు మీదికి నిజంగానే పిజ్జాలు విసరడం మొదలుపెట్టారు. దర్శక నిర్మాత విన్స్ గిలిగన్ స్వయంగా 2015లో, అందులో హాస్యమూ లేదు, కొత్తదనమూ లేదు, మానండి అన్నారు. ఆగలేదు. 2017లో ఇంటివారు చుట్టూ ఆరడుగుల ఇనుప కంచె వేయించుకున్నారు. న్యూయార్క్‌లో ‘సెక్స్ అండ్ ద సిటీ’ నాయిక గుమ్మంగా చూపించిన మెట్ల దగ్గరా ఇదే గోల. గొలుసు కట్టినా జనం ఎక్కి కూర్చుంటూ ఉంటే, ఇంటివారు 2025 జనవరిలో నగర వారసత్వ సంఘం అనుమతితో గేటు పెట్టుకునే వీలు తెచ్చుకున్నారు.

మన వాకిట్లో రోజూ నలభై మంది నిలబడి కిటికీలోకి తొంగిచూస్తే ఎలా ఉంటుంది? బస్సు అలాంటి ఇంటి ముందు ఆపేట్టయితే ఎంత దూరంలో ఆపుతారో కనుక్కోండి. వీధి చివర ఆపి చూపించే గైడ్‌కు మరో పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వవచ్చు.

డుబ్రోవ్నిక్‌లో విపరీతమైన రద్దీ అంటారు. వెళ్లాలా వద్దా?

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రెండో సీజన్ నుంచి కథలోని రాజధాని ‘కింగ్స్ లాండింగ్’ అయింది. సెర్సీ రాణిని శిక్షగా నడిపించిన ఊరేగింపు మొదలయ్యే జెజూయిట్ మెట్లు, రాజుగారి కోట రెడ్ కీప్‌గా కనిపించిన లొవ్రియెనాక్ కోట, సుమారు 1,940 మీటర్ల చుట్టుగోడ అన్నీ నడిచి చూడవచ్చు. ఈ పాత పట్టణం 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. పర్యాటకుల ఓడలు ఒక్కసారిగా వేలమందిని దించేసరికి, రోజుకు 8,000 మందికి మించనివ్వవద్దని యునెస్కో సలహా ఇచ్చింది. నగర పాలకులు ఓడలను ఒకేసారి రెండుకు పరిమితం చేశారు.

వెళ్లండి, కానీ జూలై, ఆగస్టుల్లో కాదు. పొద్దున ఎనిమిదిలోపు గోడ ఎక్కండి. గైడ్‌ను ఒక గంట సీరియల్ గురించి, మరో గంట ఊరి గురించి చెప్పమనండి. ఈ ఊరు కొన్ని శతాబ్దాలు రగూసా అనే చిన్న వర్తక గణరాజ్యంగా బతికింది. నెపోలియన్ 1808లో దాన్ని రద్దు చేశాడు. క్రొయేషియా యుగోస్లావియా నుంచి విడిపోయిన యుద్ధంలో, 1991లో ఇదే గోడల మీద ఫిరంగి గుళ్లు పడ్డాయి. ఆ ఏడాది చిన్నపిల్లలుగా నేలమాళిగల్లో దాక్కున్నవాళ్లే ఇవాళ గైడ్లు. లొవ్రియెనాక్ ద్వారం మీద లాటిన్‌లో ఒక వాక్యం చెక్కి ఉంటుంది: ప్రపంచంలోని బంగారమంతా ఇచ్చినా స్వేచ్ఛను అమ్మరాదని. దాని కిందే నిలబడి ప్లాస్టిక్ కత్తులతో ఫొటోలు దిగుతారు.

తెర మీద చూసిన చోటు ఇప్పటికీ ఉంటుందన్న నమ్మకం ఉందా?

లేదు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మొదటి సీజన్‌లో యువరాణి డెనేరిస్ పెళ్లి వెనక కనిపించిన మాల్టా ‘అజూర్ విండో’ రాతి తోరణం 2017 మార్చి 8న తుఫానుకు సముద్రంలో కూలిపోయింది. టికెట్ కొనేముందు చోట్ల జాబితా ఒకసారి చూసుకోండి.

వీసా సంగతి ఏమిటి?

ఎక్కువమంది తెలుగువాళ్లు తప్పు చేసేది ఇక్కడే. డబ్లిన్ ఐర్లండ్ దేశంలో ఉంది, బెల్‌ఫాస్ట్ బ్రిటన్ పాలనలో ఉంది. రెండింటి మధ్య గేటు లేదు, పాస్‌పోర్టు అడిగే చెక్‌పోస్టు లేదు. బస్సు ఆగకుండానే సరిహద్దు దాటుతుంది. అయినా చట్టం చట్టమే. ఐర్లండ్‌లో చదువుకునే భారతీయ విద్యార్థికి అక్కడి నివాస కార్డు ఉన్నంత మాత్రాన ఉత్తరానికి వెళ్లే హక్కు రాదు, బ్రిటన్ వీసా కావాలి. మధ్యలో తనిఖీ జరిగితే చిక్కే.

చూడటానికి వచ్చే భారతీయులకు బ్రిటన్, ఐర్లండ్‌లు కలిసి నడిపే ఉమ్మడి వీసా పథకం ఉంది. వీసా మీద ఆ గుర్తు ఉంటే రెండు దేశాలూ తిరగవచ్చు, కాకపోతే వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి, ఒకే వీసాతో తిరిగే ఐరోపా దేశాల కూటమి షెన్‌జెన్‌లో చేరింది, డబ్బు కూడా అదే రోజు నుంచి యూరో. నియమాలు మారుతుంటాయి కాబట్టి విమానం టికెట్ కొనేముందు అధికారిక వెబ్‌సైట్లు చూడండి.

గైడ్ లేకుండా కారులో సొంతంగా తిరగవచ్చా?

తిరగవచ్చు. అక్కడ కూడా మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. బాలింటోయ్, కుషెండన్, డార్క్ హెడ్జెస్ చూడటానికి టికెట్ లేదు. డార్క్ హెడ్జెస్ దగ్గర కారును పార్కింగ్‌లో వదిలి నడవాలి. పొద్దున ఏడింటికి వెళితే ఒక్కరే ఉంటారు. వేసవిలో తెల్లవారడం కూడా చాలా త్వరగానే. గొడుగు వద్దు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న వానకోటు తీసుకెళ్లండి, ఆగస్టయినా సరే.

మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?

హైదరాబాద్ శివార్లలో 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీని రోజూ వేలమంది చూస్తారు. అది సెట్టింగుల లోకం, బాన్‌బ్రిడ్జ్ కోవలోది. తెలుగు సీరియళ్ల చోట్లకు టూర్ పెట్టాలంటే చిక్కేమిటంటే, కథలో ముప్పాతిక భాగం ఒక హాలు, ఒక మెట్ల వరుస, ఒక వంటగదిలోనే జరుగుతుంది. అత్తగారు కాఫీ కప్పు కింద పెట్టిన సోఫా చూపించడానికి బస్సు వేయలేం.

హిందీ వెబ్ సీరీస్ ‘పంచాయత్’ తీసిన మధ్యప్రదేశ్ సీహోర్ జిల్లా మహోడియా గ్రామానికి ఇప్పుడు జనం వెళ్తున్నారు. అయితే నన్ను అడిగితే కర్ణాటక దారి పట్టమంటాను. శంకర్ నాగ్ 1980లలో ఆర్.కె. నారాయణ్ కథల సీరియల్ ‘మాల్గుడి డేస్’ తీసినది అక్కడి ఆగుంబెలో. మధ్యలో వాకిలి, చుట్టూ చెక్క స్తంభాల వసారాలున్న దొడ్డమనె అనే పాత ఇల్లు ఇప్పటికీ అక్కడ ఉంది. వచ్చినవారికి ఇంటిమనుషుల్లా అన్నం పెట్టే ఇల్లుగా దానికి పేరు. మాల్గుడి స్టేషన్‌గా కనిపించిన అరసాళు, శివమొగ్గ నుంచి తాళగుప్ప వెళ్లే రైలు మార్గంలో ఉంది. వాడకం లేక పాడుబడిన ఆ పాత స్టేషన్ భవనాన్ని రైల్వేవాళ్లు బాగుచేసి 2020లో మాల్గుడి మ్యూజియంగా తెరిచారు. గైడ్ ఉండడు. ముందు రోజు రాత్రి రెండు ఎపిసోడ్లు చూసి వెళ్లండి, ప్లాట్‌ఫాం మీద కథ మీరే చెప్పుకోవచ్చు.